పాట గిట్టని రాక్షసుడు

మా ఇంగ్లీషు సారు పాఠం చెబుతుంటే బల్ల మోగేది. బెజవాడలో మేం బి.ఏ. చదివిన కాలేజీలో స్పెషల్ ఇంగ్లీషు తీసుకున్నవాళ్ళు తక్కువ, అందులో ఆడపిల్లలం ముగ్గురమే. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు వీరగాథల గురించి మా పుస్తకంలో ఉన్నది ఒక్క పేజీ. ఇంకొకరైతే ఆ పేజీ నోట్సు చెప్పేసి ఊరుకునేవారు. ఈయన దాని మీద నెల రోజులు గడిపాడు. గడిపారు అని రాయబోయి, గడిపాడు అని రాస్తున్నాను. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

ఆ పాత ఇంగ్లీషు మాకు ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆయన బల్ల మీద అరచేత్తో దరువు వేస్తూ చదువుతుంటే వినాలనిపించేది. పాదం మధ్యలో ఒక విరుపు ఉంటుంది. విరుపుకి ఇటూ అటూ ఉన్న మాటలు ఒకే అక్షరంతో మొదలై ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. "మనకి యతి లేదూ? అలాంటిదే అనుకోండి. ఇవి చదువుకునే పద్యాలు కావు, నలుగురూ కూర్చుంటే పాడి వినిపించేవి" అని చెప్పాడు. శరీరాన్ని వాళ్ళు ఎముకల ఇల్లు అనేవారని చెప్పిన రోజు మా మైలవరం పిల్ల తన మణికట్టు తడిమి చూసుకుంది.

కథ కూడా ఆయన నోటనే విన్నాం. ఒక రాజు పెద్ద కొలువుకూటం కట్టిస్తాడు. పొద్దుగూకితే అక్కడ విందులు, వీణలాంటి వాయిద్యం మీద పాటలు. ఊరి బయట చిత్తడి నేలల్లో ఒక రాక్షసుడుంటాడు. ఆ పాట చెవిన పడితే వాడికి ఒళ్ళు మండిపోతుంది. వచ్చి, నిద్రపోతున్నవాళ్ళని ఎత్తుకుపోయి తినేస్తుంటాడు. సముద్రం అవతల నుంచి ఒక యువకుడు పడవ మీద వచ్చి, కత్తి పట్టకుండా ఉత్త చేతులతో వాడితో కలబడి, చెయ్యి ఊడబెరుకుతాడు. కొడుకు చచ్చాడని తల్లి రాక్షసి వస్తుంది. నీళ్ళ అడుక్కి దిగి దాన్నీ చంపుతాడు. ఆ వీరుడే తర్వాత రాజై, ముసలివాడై, నిప్పులు కక్కే పాము మీదికి వెళతాడు. అతని ఉప్పు తిన్న యోధులందరూ అడవిలోకి పారిపోతారు. ఒక్క కుర్రవాడు మాత్రం పక్కన నిలబడతాడు.

పారిపోయినవాళ్ళ సంగతి చెప్పేటప్పుడు సారు గొంతు మారేది. ఆ జాతికి చావు పెద్ద విషయం కాదనీ, నాయకుణ్ణి వదిలేసి ఒళ్ళు దాచుకోవడం కన్నా సిగ్గుమాలిన పని వాళ్ళకి ఇంకొకటి లేదనీ చెప్పాడు. మేం ముగ్గురం మొదటి బల్ల మీద కూర్చుని నోరు తెరుచుకుని విన్నాం.

మా ముగ్గురి గురించీ చెప్పాలి. నాది ఉయ్యూరు దగ్గర పల్లె, మాకు చెరుకు తోటలు. రెండో అమ్మాయిది మైలవరం, వాళ్ళ నాన్న అక్కడ స్కూల్లో హెడ్మాస్టరు. ఎవరినైనా ఇట్టే అనుకరించి నవ్వించేది. మూడో అమ్మాయిది కొల్లేరులో ఒక లంక. చేపల పని చేసుకునే కుటుంబం. ఇంటి నుంచి పడవలో ఒడ్డుకొచ్చి, కైకలూరు వెళ్ళి, అక్కడ బస్సెక్కేది. వాళ్ళ లంకలో కాలేజీకి వచ్చిన మొదటి ఆడపిల్ల. ముగ్గురం హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. కొల్లేరు పిల్ల హాస్టలు సీటు ఉచితం, మార్కుల మీద వచ్చింది.

ఆ కొల్లేరు పిల్లే ఒకరోజు క్లాసులో లేచి నిలబడింది. "చిత్తడి నేలలో ఉన్నంత మాత్రాన రాక్షసుడే అయిపోతాడాండి? వాణ్ణి ఎప్పుడన్నా ఆ పాటకి రమ్మన్నారా?" అని అడిగింది. మగపిల్లలు గొల్లుమన్నారు. సారు నవ్వలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి, ఇన్నేళ్ళలో తనని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదన్నాడు. వాడు వెలివేయబడ్డ వంశం వాడని ఆ కవే చెబుతాడనీ, లోపల వెలుతురు చూస్తూ బయట చీకట్లో నిలబడటం వాడికి బాధ అనీ, ఆ బాధ తెలిసి కూడా కవి వాణ్ణి క్షమించలేదనీ చాలాసేపు మాట్లాడాడు. చివర్లో ఉన్నట్టుండి, "దీన్ని మనం బుర్రకథ చేద్దాం. కాలేజీ డేకి మీరు ముగ్గురూ చెప్పండి" అన్నాడు.

కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్ళకి బుర్రకథ గురించి వేరే చెప్పనక్కర్లేదు. నడుమ తంబురా పట్టుకున్నవాళ్ళు కథ చెబుతారు. పక్కన ఇద్దరు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. ఆ ఇద్దరిలో ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. కథ ఎంత పాతదైనా మధ్యలో ఆపి ఈనాటి సంగతి మీద ఒక చురక అంటించడం ఆ రెండోవారి పని. నాకు తంబురా ఇచ్చారు. మైలవరం పిల్లకి హాస్యం. కొల్లేరు పిల్లకి రాజకీయం.

ఆదివారాలు సత్యనారాయణపురంలో సారు వాళ్ళింట్లో ప్రాక్టీసు. వాళ్ళావిడ మాకు పెసరట్లు వేసి పెట్టేది. ఇద్దరు చిన్నపిల్లలు గుమ్మెటల చుట్టూ తిరిగేవాళ్ళు. పాటలు నేనూ సారూ కలిసి కట్టాం. నేను రగడలాగా ఏదో రాసుకుని వెళితే, ఆయన దాన్ని బల్ల మీద దరువేసి చూసి, ఇక్కడ మాట బరువైందమ్మా అని మార్చేవాడు. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన ఆదివారాలు తక్కువ. మా ఇంట్లో నా చదువు పెళ్ళి కుదిరేదాకా కాలక్షేపం. ఈయన ఒక్కడే నేను రాసినదాన్ని పనిగా చూశాడు.

అది ఎమర్జెన్సీ కాలం. పేపర్లలో ఏమీ ఉండేది కాదు. మాట్లాడేవాళ్ళు అటూ ఇటూ చూసి మాట్లాడేవాళ్ళు. మాకు అందులో సగం తెలుసు, సగం తెలియదు. రాక్షసుడు కొలువుకూటం మీదికి వచ్చే ఘట్టం దగ్గర రాజకీయం చెప్పడానికి మాకేమీ తోచక, కిరసనాయిలు క్యూల మీద ఒక జోకు పెట్టుకున్నాం. పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని వింటున్న సారు లేచి కూర్చున్నాడు.

"అది తీసెయ్యండి. ఇలా అనండి: పూర్వం పాట గిట్టనివాడు చిత్తడిలో ఉండేవాడు, ఇప్పుడు మేడలో ఉంటున్నాడు."

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వేశాం. వంటింట్లోంచి వాళ్ళావిడ కూడా అట్లకాడ పట్టుకుని వచ్చి నవ్వింది. మరుక్షణం ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఈ రోజుల్లో అలాంటివి ఎందుకండీ, ఆడపిల్లల చేత, అంది. ఆయన కొట్టిపారేశాడు. వెయ్యేళ్ళ కిందటి కథ, ఎక్కడో సముద్రాల అవతలిది, ఎవరేమంటారు అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి, "ఏదన్నా వస్తే నేనున్నాగా" అన్నాడు. ఆ మాట మా ముగ్గురికీ వినబడింది, ఆవిడకీ వినబడింది.

కాలేజీ డే నాడు గ్రౌండులో షామియానా వేశారు. ముందు వరసలో కరస్పాండెంటు గారు, ప్రిన్సిపాలు గారు, ముఖ్య అతిథిగా వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు గారు. మేం ఎర్ర పట్టు అంచు మంగళగిరి చీరలు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ఎక్కాం. కథ మొదలెట్టిన కాసేపటికి నా భయం పోయింది. మైలవరం పిల్ల, విందులో తప్పతాగి గొప్పలు చెప్పే యోధుణ్ణి అనుకరిస్తే ఆఫీసరు గారు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. రాక్షసుడు చీకట్లో నిలబడి పాట వినే చోట నేను గొంతు తగ్గించి పాడితే షామియానా అంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు కొల్లేరు పిల్ల గుమ్మెట ఆపి, ఒక అడుగు ముందుకేసి, ఆ మాట అంది.

ముందు ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత వెనక కుర్రాళ్ళు చప్పట్లు మొదలెట్టారు. అవి ముందుకి పాకాయి. ఆగలేదు. ముందు వరసలో ఆఫీసరు గారు వాచీ చూసుకుని లేచి వెళ్ళిపోయారు. ఆయన వెనకాలే కరస్పాండెంటు గారు. మేం తల్లి రాక్షసి దాకా వచ్చేసరికి మైకు ఆగిపోయింది, తెర దించేశారు. తెర వెనక సారు కోసం చూశాం. కనబడలేదు. జనంలో ఎక్కడో చిక్కుకున్నారనుకున్నాం.

మర్నాడు పొద్దున మమ్మల్ని ప్రిన్సిపాలు గదికి పిలిచారు. కరస్పాండెంటు గారు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. సారు బల్లకి ఒక పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూడగానే నాకు ధైర్యం వచ్చింది. ప్రిన్సిపాలు గారు మెత్తటి మనిషి. ఆ రోజు మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. పైనుంచి ఫోన్లు వచ్చాయనీ, కాలేజీనే మూయించే పరిస్థితి ఉందనీ చెప్పి, ఆ మాట ఎవరు రాశారో చెప్పమన్నారు.

నేను సారు వైపు చూశాను. ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"నేను కథ వరకూ చెప్పానండి. పాటలు, మాటలు పిల్లలే రాసుకున్నారు. చివరి కాపీ నేను చూడలేదు" అన్నాడు.

తప్పు విన్నానేమో అనుకున్నాను. పక్కనున్న కొల్లేరు పిల్ల మాత్రం సరిగ్గానే వింది.

"ఆ మాట సారే ఇచ్చారండి. వాళ్ళింట్లో ఇచ్చారు. అమ్మగారు కూడా విన్నారు."

"అవునండి. ఆ మాట సారుదే" అని నేను కూడా అన్నాను.

ప్రిన్సిపాలు గారు ఆయన వైపు తిరిగారు. సారు నవ్వాడు. కోపం లేదు, మా మీద జాలిపడుతున్నట్టు నవ్వాడు. "పాపం, భయపడిపోయారండి. ఏదో ఒకటి అంటారు. ఏమీ అనకండి" అన్నాడు. అబద్ధం ఆడినందుకు కాదు, ఆ ఏమీ అనకండి అన్నందుకు ఆయన మీద అసహ్యం వేసింది నాకు. మమ్మల్ని ముంచుతూ మాకోసం సిఫారసు చేస్తున్నాడు.

ఇక మిగిలింది మైలవరం పిల్ల. నీకేం తెలుసమ్మా అని అడిగారు. అది చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నాకేం తెలియదండి, నా జోకులు నేను చెప్పాను, మిగతావి వాళ్ళు చూసుకున్నారు, అంది. మా వైపు చూడలేదు.

ఆ వారంలోనే నాకూ కొల్లేరు పిల్లకీ టీసీలు చేతిలో పెట్టారు. మంచి పిల్లలు కాబట్టి పోలీసుల దాకా పోనివ్వలేదని చెప్పారు. టీసీ తీసుకున్న సాయంత్రం మేమిద్దరం సత్యనారాయణపురం వెళ్ళాం. ఆయన్ని తిట్టాలని కాదు. పొరపాటు జరిగిందమ్మా, రేపు వెళ్ళి చెబుతాను అంటాడేమోనని. వాళ్ళావిడ తలుపు కొంచెమే తీసింది. సారు లేరమ్మా, ఊరెళ్ళారు, అంది. ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. మేం వాటిని చూడటం ఆవిడ చూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది. లోపల్నుంచి కుర్చీ చప్పుడైంది. ఆవిడ తలుపు వేసేసుకుంది.

వన్‌టౌన్ వైపు నడుస్తూ కాలవ వంతెన మీదికి వచ్చాం. అక్కడ ఆగి కొల్లేరు పిల్ల, మా నాన్నకి ఏం చెప్పాలే, అంది. మా నాన్నకి ఏం చెప్పాలో కూడా నాకు తెలియదు.

మా నాన్న ఎక్కువ అడగలేదు. చెరుకు నరికే రోజులు. బళ్ళన్నీ ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోతున్నాయి. ఊరంతా బెల్లప్పాకం వాసన. నాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ఆ మాట నీదేనా అని ఒక్కసారి అడిగాడు. కాదు నాన్నా అన్నాను. మరి ఎవరిదని అడిగాడు. చెప్పాను. చేతిలో చెంబు గట్టు మీద పెట్టేశాడు. ఆయన్ని రెండుసార్లు మనింటికి భోజనానికి పిలవాలనుకున్నానే, అన్నాడు. సారు పేరు ఇంట్లో నేను అన్నిసార్లు తలిచానన్నమాట. మర్నాడు బెజవాడ వెళ్ళి అడుగుతానంటే అమ్మ కాళ్ళావేళ్ళా పడి ఆపింది. ఆడపిల్ల వ్యవహారం, నలుగురిలో పడుతుందని.

ఆ ఏడాది ఇంట్లోనే ఉన్నాను. ఏమీ చదవలేకపోయాను. పుస్తకం తెరిస్తే ఆయన దరువు వినబడేది. అంతకుముందు ఆ దరువు వింటే హాయిగా ఉండేది. మరుసటి ఏడాది నాన్నే పట్టుబట్టి గుంటూరులో చేర్పించాడు. కొల్లేరు పిల్లకి అలా కుదరలేదు. ఉచిత హాస్టలు సీటు పోయింది, ఇంకో చోట దొరకలేదు. వాళ్ళ నాన్న చేపల ఎగుమతిలో దాన్ని కూడా కలుపుకున్నాడని విన్నాను. మైలవరం పిల్ల పరీక్షలు రాసి పాసయింది.

డెబ్భై ఏడులో ఎన్నికలయ్యాయి, ఎమర్జెన్సీ పోయింది. ఉన్నట్టుండి అందరూ మాట్లాడటం మొదలెట్టారు. ఆ ఎండాకాలం బెజవాడలో ఒక సభ జరిగింది. చీకటి రోజుల్లో నోరు విప్పినవాళ్ళకి సన్మానం అని గోడల మీద పోస్టర్లు వేశారు. సన్మానం అందుకునేవాళ్ళలో సారు పేరుంది. గుంటూరు నుంచి ఒంటరిగా బస్సెక్కి వెళ్ళాను.

హాలు కిక్కిరిసి ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట కారుతోంది. సారు మాట్లాడటానికి లేచాడు. అదే గొంతు. ఎప్పుడో కృతఘ్నులైన యోధులు అడవిలోకి పారిపోయిన కథ చెప్పాడు. ఆ తర్వాత బుర్రకథ సంగతి చెప్పాడు. పడక్కుర్చీలో ఉండగా ఆ మాట తనకెలా తట్టిందో కూడా చెప్పాడు. అదంతా నిజమే. "ఆ ఒక్క మాటకి ఎంత అనుభవించాల్సి వచ్చిందో చెప్పడం నాకు ఇష్టం లేదు" అన్నాడు. ఎవరు అనుభవించారో చెప్పలేదు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఏడాదిన్నర కిందట ప్రిన్సిపాలు గదిలో ఈ నిజం సగం చెప్పినా చాలు కదా అనుకుంటూ నేను ఒక్కదాన్నే కూర్చుండిపోయాను.

సభ అయ్యాక స్టేజీ దగ్గరికి వెళ్ళాను. ఆయన మెడలో దండ ఇంకా ఉంది. నన్ను చూసి దాక్కుంటాడనుకున్నాను. నిజంగా సంతోషపడ్డాడు. పక్కవాళ్ళతో, ఆ కథ చెప్పింది ఈ అమ్మాయే, నా శిష్యురాలు, అని పరిచయం చేశాడు. వాళ్ళు అటు వెళ్ళేదాకా ఆగి అడిగాను.

"ఆ రోజు ఎందుకలా అన్నారు సార్?"

ఆయన దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వప్పుడు చిన్నదానివమ్మా. నాకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నన్ను జైల్లో పెట్టేవాళ్ళు. మీరు ఆడపిల్లలు, మిమ్మల్ని ఏమీ చెయ్యరని తెలుసు. నువ్వు మళ్ళీ చదువుకుంటున్నావుగా."

"నేను చదువుకుంటున్నానండి. తను మానేసింది."

"ఎవరు?"

"కొల్లేరు అమ్మాయండి. రాజకీయం చెప్పింది."

"ఆ... అవునవును. ఆ అమ్మాయి" అని నుదురు రుద్దుకున్నాడు. "పేరేమిటమ్మా తనది?"

ఆయన నటించలేదు. నిజంగానే గుర్తులేదు. తనని ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అడిగిందని మెచ్చుకున్న పిల్ల పేరు ఏడాదిన్నరకే మర్చిపోయాడు. నేను పేరు చెప్పలేదు. వస్తానండి అని కూడా అనకుండా వచ్చేశాను.

ఆ ఆదివారం కైకలూరు వెళ్ళి, అక్కణ్ణుంచి కొల్లేరు ఒడ్డుకి వెళ్ళాను. నా స్నేహితురాలు ఒడ్డున ఐసు కొట్టిస్తూ, లారీ ఆలస్యమైందని డ్రైవరుని గట్టిగా అడుగుతోంది. బుట్టల నిండా చేపలు. చీర దోపుకుని ఉంది, మనిషి నల్లబడింది, భుజాలు విచ్చుకున్నాయి. నన్ను చూసి పనివాళ్ళకి చెప్పి పక్కకి వచ్చింది. సభ సంగతి, దండ సంగతి, పేరు అడిగిన సంగతి అన్నీ చెప్పాను. కోపంతో ఊగిపోతుందనుకున్నాను. చేతులకంటిన పొలుసులు ఒలుచుకుంటూ వింది.

"ఆయన సంగతి వదిలెయ్యవే. ఆయన సారు. పెద్దమనిషి. తన ఒళ్ళు కాపాడుకున్నాడు. మరి మన మైలవరం పిల్ల?" అంది.

దానిదేముందే, అన్నాను.

"మూడేళ్ళు మన పక్కలో పడుకుంది. మనం తిన్న కంచంలో తింది. దానికి జ్వరమొస్తే రాత్రంతా నేను కూర్చున్నాను. అదేమీ సారుని పట్టివ్వక్కర్లేదు. మేం ముగ్గురం కలిసే చేశామండి అంటే చాలు నాకు. ఆ మాట కూడా నోట రాలేదు. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం దిగదు."

అప్పటిదాకా నాకు ఆ అమ్మాయి మీద కోపమే లేదు. భయపడింది, పాపం అనుకున్నాను. నా కోపమంతా ఆయన కోసమే దాచుకున్నాను, ఎందుకంటే నేను కొలిచింది ఆయన్నే. కొల్లేరు పిల్ల ఆయన్ని ఎప్పుడూ అంత నమ్మలేదేమో. తను నమ్మింది మా ఇద్దరినీ.

నేను ఆ సంగతి వదిలేసి, ప్రైవేటుగా పరీక్ష కట్టమని బతిమాలాను. నోట్సులు నేను పంపిస్తానన్నాను, గుంటూరులో మా గదిలో ఉండి రాయవచ్చన్నాను. ఆలోచించింది. లారీ వచ్చి హారను కొట్టింది. బుట్టలెత్తమని పనివాళ్ళకి కేకేసి, నా వైపు తిరిగింది.

"చదవగలనే. అది కష్టం కాదు. మళ్ళీ ఎవరో ఒక సారు ఎదురుగా కూర్చుని, ఆయన చెప్పేది నిజమనుకోవాలిగా. అది నావల్ల కాదు" అంది.

ఇంటికి రా, తిని వెళుదువుగాని, అంటూ ఐసు పెట్టె మూత బిగించింది. లారీ కదిలేదాకా ఆగి, ఇద్దరం పడవ ఎక్కాం.